వీధి పిల్లి ఇంటికొస్తే...

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది తెనాలి. మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా రామలింగడు గుర్తొస్తాడు. ఆయనతోపాటు ఆయన పెంచిన పిల్లీ గుర్తొస్తుంది. ఎలుకల బాధ తీరడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునీ ఇప్పించారట. అందరి పిల్లులూ పాలు తాగి బలిశాయట, రామలింగడి పిల్లి మాత్రం పాలగిన్నె కంటబడితే చాలు, పారిపోయేదట. మొదటిరోజే సలసల కాగిన పాలు పెట్టి దాని మూతి కాల్చి, ఆవుపాలన్నీ ఆయనే తాగాడని కథ. చిన్నతనంలో ఈ కథ విన్నప్పుడల్లా ఆ పిల్లిమీద జాలిపడేదాన్ని. మూతి కాల్చడం అన్యాయమే, కాదనను. కానీ పాలు తాగకపోవడంవల్ల ఆ పిల్లికి పోయిందేమీ లేదని ఇన్నేళ్ళకి నాకు తెలిసొచ్చింది. ఎలా తెలిసొచ్చిందో చెబుదామనే ఈవేళ మీ ముందుకొచ్చాను.

కిందటేడు శ్రావణమాసంలో ఒకరోజు మూడుజాములవేళ మొదలైన వాన రాత్రిదాకా వదల్లేదు. మా చిన్నమ్మాయి ట్యూషన్ నుంచి వస్తూ, చున్నీలో ఏదో చుట్టుకొచ్చింది. విప్పి చూస్తే పిల్లిపిల్ల. తడిసి ముద్దయిపోయి, పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉంది. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. మావారి స్కూటర్ కింద దూరి అరుస్తోందట. మా ఇంట్లో ఎప్పుడూ పిల్లిని పెంచిన ఆనవాయితీ లేదు. మా అత్తగారైతే పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరే మనిషి. అయినా ఆ వానలో దాన్ని బయటికి గెంటమని ఆవిడ నోటివెంట కూడా రాలేదు. "ఈ రాత్రికి వసారాలో ఉండనీ, తెల్లారాక చూద్దాం" అన్నారు. మా అమ్మాయి దానికి అప్పటికప్పుడే 'చినుకు' అని పేరు పెట్టేసింది.

పిల్లి అనగానే మనకేం తోస్తుంది? పాలు! గోరువెచ్చగా కాచి, పళ్ళెంలో పోసి పెట్టాను. గుక్క తిప్పుకోకుండా తాగేసింది. ఇంకో గ్లాసెడు పోశాను. అదీ తాగేసింది. ఆకలిగొన్న ప్రాణికి కడుపు నింపానని నాకెంత తృప్తో!

తెల్లారేసరికి వసారా అంతా విరేచనాలు. నీళ్ళనీళ్ళగా, జిగురుగా, ఆ వాసన చెప్పనలవి కాదు. మా అత్తగారు "పాలు వేడిచేశాయి కాబోలు, చలవచేస్తుంది, పెరుగన్నం పెట్టు" అన్నారు. పెరుగన్నం కలిపి పెట్టాను. కాస్త తిన్నది. మధ్యాహ్నానికి మరీ ఎక్కువయింది. సాయంత్రం ఆవిడ చంటిపిల్లలకి రంగరించినట్టు జాజికాయ అరగదీయబోతుంటే, పాపం ఎందుకులెద్దురూ అని నేనే ఆపాను. మరునాటికి పిల్ల లేవలేకుండా అయిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిందనుకున్నాను. ఇంట్లో పారాసెటమాల్ బిళ్ళలు ఎప్పుడూ ఉంటాయి కదా. పావుబిళ్ళ చిదిమి, నీళ్ళలో కలిపి చెంచాతో పోద్దామని తయారుచేసుకున్నాను కూడా.

మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మనుషుల మందు కదా, దానికి పడుతుందో లేదో! ఆసుపత్రికి తీసుకెళదాం" అంది. "పిల్లికి ఆసుపత్రా? గేదెలకీ ఆవులకీ కదా!" అన్నాను. అయినా దాని మాట కాదనలేక, కూరగాయల బుట్టలో పాతచీర పరిచి, పిల్లని పడుకోబెట్టి బయల్దేరాం.

అక్కడున్న డాక్టరమ్మ చిన్నపిల్లే, మా పెద్దమ్మాయి ఈడుంటుంది. నేను చేసినవన్నీ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. బిళ్ళ సంగతి చెప్పగానే పక్కనే ఉన్న స్టూలుమీద కూర్చుండిపోయింది. "వేశారా?" అంది. "లేదమ్మా, వెయ్యబోతుంటే మా అమ్మాయి ఆపింది" అన్నాను. "వేసుంటే దీన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చే పని ఉండేది కాదమ్మా" అంది.

ఆ మాటకి నా గుండె ఝల్లుమంది. మీరు ఈ ప్రసంగంలో మరేదీ గుర్తుంచుకోకపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. పారాసెటమాల్ పిల్లికి విషం. మన కాలేయం ఆ మందుని విరిచి బయటికి పంపగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. అది రక్తంలోని ఎర్రకణాల్ని పాడుచేసి, అవి ప్రాణవాయువుని మొయ్యలేకుండా చేస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకీ నీలానికీ తిరిగి, ముఖం వాచి, ఊపిరాడక పోతుంది. మనం ఒంటినొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివీ అంతే. మన విరేచనాలు కట్టే బిళ్ళలు కూడా డాక్టరు చెప్పకుండా వెయ్యకూడదు. ఇంకో సంగతి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంటి వేడే మనకంటే ఎక్కువ. సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన అది జ్వరం కాదన్నమాట. ఆరోజు చినుకుకి జ్వరం లేనేలేదు. పైగా ఒళ్ళు చల్లబడుతోంది. లేని జ్వరానికి మందేసి దాని ప్రాణం తీసుండేదాన్ని!

తరవాత డాక్టరమ్మ పిల్లని చూసిన తీరు చెబుతాను, మీకూ పనికొస్తుంది. మెడవెనక చర్మాన్ని రెండువేళ్ళతో పైకి లాగి వదిలింది. చర్మం వెంటనే సర్దుకోకుండా, మడతలాగే నిలబడి మెల్లిగా కిందికి దిగింది. ఒంట్లో నీరు తగ్గిపోయిందనడానికి అది గుర్తు. చిగుళ్ళు తాకితే తడిలేకుండా జిగటగా ఉన్నాయి. పళ్ళు చూసి, మూడు నెలలు నిండి ఉంటాయంది. తూస్తే 700 గ్రాములు. ఆ వయసుకి కిలో దాటి ఉండాలట. విరేచనం కొంచెం తీసుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "రండమ్మా, మీరూ చూడండి" అని పిలిచింది. గుండ్రంగా, మందమైన పెంకుతో ఉన్న గుడ్లు లెక్కలేనన్ని! ఏలికపాముల గుడ్లు. ఎముకలగూడులాంటి ఒంటికి ఆ ఉబ్బిన పొట్ట ఎందుకో అప్పుడర్థమైంది. ఈ పురుగులు తల్లిపాలద్వారానే పిల్లలకి వచ్చేస్తాయట. అందుకే వీధిలో పుట్టిన పిల్లిపిల్లలన్నింటికీ పురుగులున్నాయనుకునే మందు మొదలుపెడతారట.

చర్మం కింద సూదితో సెలైన్ ఎక్కించారు. మూపుమీద చిన్న మూటలా ఉబ్బి, రెండుమూడు గంటల్లో ఒంట్లోకి ఇంకిపోయింది. ఏలికపాములకి బరువునిబట్టి లెక్కకట్టి మందు ఇచ్చారు. ఇక్కడ ఒక మాట. పురుగుల మందు దుకాణంలో అడిగి తెచ్చి అందాజుగా పోసెయ్యకండి. 700 గ్రాముల ప్రాణికి చుక్కల్లో తేడా వచ్చినా తేడాయే. ఒక్కసారి మందుతో పని అయిపోదు కూడా. ఆరోజు ఇంకా చిన్నవిగా ఉన్న పురుగులు తరవాత పెద్దవవుతాయి కనుక రెండు వారాలకి మళ్ళీ వెయ్యాలి. కుక్కల మందు ఏదైనా మిగిలితే పిల్లికి వాడదామనుకోవడం మరీ ప్రమాదం. కుక్కల ఒంటిమీద పురుగులకి రాసే మందుల్లో పర్మెత్రిన్ అనేది ఉంటుంది కొన్నిట్లో. అది పిల్లికి తగిలితే ఒళ్ళంతా వణికి, ఫిట్సొచ్చి చచ్చిపోతుంది.

మరి పాల సంగతేమిటని అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. తల్లిపాలు తాగే పసితనంలో పిల్లికి పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి ఉంటుంది. పాలు విడిచాక అది తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లోకి నీటిని లాగుతుంది, పులుస్తుంది, విరేచనాలవుతాయి. పాలు ఇష్టంగా తాగడం వేరు, అరిగించుకోవడం వేరు. మనలోనూ కొందరికి పాలు పడవు కదా! కొన్ని పిల్లులు కాసిని పాలు తట్టుకుంటాయి. పురుగులతో పేగులు పుండై ఉన్న పిల్లకి గ్లాసులకొద్దీ పోస్తే తట్టుకోదు. కళ్ళయినా తెరవని పసికూన దొరికితే? దానికీ ఆవుపాలు, గేదెపాలు పనికిరావు. పిల్లిపిల్లల కోసమే తయారయ్యే పాలపొడి పట్టణాల్లో దొరుకుతోంది. అది కలిపి, బోర్లా పడుకోబెట్టి పట్టాలి. మన పాపాయిల్లా వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

"ఇంటికెళ్ళి కోడిమాంసం ఉడికించి పెట్టండమ్మా" అంది డాక్టరమ్మ. నేను నీళ్ళు నమిలాను. మా ఇంట్లో మా అత్తగారి అత్తగారి నాటినుంచి గుడ్డు కూడా గడప దాటి రాలేదు. "పప్పన్నం పెట్టుకుంటాం, నెయ్యివేసి" అన్నాను. "అమ్మా, అది పులికి చెల్లెలు. పులికి పప్పన్నం పెడతామా?" అంది. తరవాత వివరంగా చెప్పింది. మనిషి శాకాహారంతో హాయిగా బతకగలడు, కుక్క కూడా జాగ్రత్తగా చూసుకుంటే నెట్టుకురాగలదు. పిల్లి అలా కాదు. టారిన్ అనే పదార్థం పిల్లి శరీరం కావలసినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలో, చేపలో ఉంటుంది. అది కరువైతే కళ్ళు పోతాయి, గుండె పెద్దదై బలహీనపడుతుంది. ఆ గుండెజబ్బుకి టారిన్ కొరతే కారణమని 1987లో అమెరికాలో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అప్పటినుంచీ తయారీ మేతల్లో దాన్ని సరిపడా కలుపుతున్నారు. "మీ ఆచారం మీది, కాదనను. మాంసం పెట్టలేమనుకుంటే పెట్టగలిగినవాళ్ళకి ఇచ్చెయ్యండి. పెరుగన్నంతో పెంచుతామని మాత్రం పట్టుబట్టకండి" అంది.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు మాట్లాడలేదు. సాయంత్రం దీపం పెట్టి వచ్చి, "ఏమే అమ్మాయ్, నెల తిరిగేసరికి పెద్దది పురిటికొస్తోంది. కడుపుతో ఉన్నపిల్ల తిరిగే ఇంట్లో ఈ రోగిష్టి పిల్లేమిటి? సంతలో వదిలేసి రమ్మను" అన్నారు. మావారు కూడా తల్లి పక్షానే ఉన్నారు. నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. ఎవరి బిడ్డ వాళ్ళకి ముఖ్యం కదా! చిన్నమ్మాయి అన్నం మానేసి కూర్చుంది. మర్నాడు సెలైన్ కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మనే అడిగేశాను, గర్భిణికి పిల్లివల్ల ప్రమాదమా కాదా అని.

ఉంది, లేదూ అంది. పిల్లి విరేచనంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. గర్భిణికి అది కొత్తగా సోకితే బిడ్డకి హాని జరగవచ్చు. అయితే విరేచనంలో పడిన వెంటనే అది అంటదు. అంటే గుణం రావడానికి కనీసం ఒకరోజు, ఒక్కోసారి ఐదురోజులు పడుతుంది. అందుచేత పిల్లి మలం ఏరోజుకారోజు తీసేస్తే ప్రమాదం చాలావరకు పోయినట్టే. గర్భిణి మాత్రం ఆ పని చెయ్యకూడదు, ఇంకొకరు చెయ్యాలి. పిల్లిని వీధిలోకి వదలకుండా, పచ్చిమాంసం పెట్టకుండా ఉండాలి. "పిల్లిని వదిలేసినంత మాత్రాన సరిపోదమ్మా. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, పెరటి మట్టి, వీటినుంచి కూడా అది వస్తుంది. మీ అమ్మాయిని చూసే డాక్టరుగారితోనూ ఓమాట చెప్పండి" అంది. ఏలికపాముల గుడ్లు కూడా మట్టిలో రెండు మూడు వారాలుంటేగాని అంటుకోవట. కాబట్టి వెంటవెంటనే శుభ్రం చెయ్యడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఈ రెండూ ఉంటే ఇల్లంతా క్షేమం.

ఈ మాటలు యథాతథంగా అత్తగారికి అప్పజెప్పాను. "ఒక నెల గడువు అత్తయ్యా. పెద్దది వచ్చేనాటికి ఇది కోలుకోకపోతే మీరన్నట్టే ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాను. ఆవిడ "సరే, మాంసం మాత్రం నా పొయ్యి ఎక్కకూడదు" అన్నారు. ఆ చిక్కు మా పక్కింటి బీబీగారు తీర్చారు. "దానికేం వదినగారూ, మా ఇంట్లో ఎలాగూ పొయ్యి వెలుగుతుంది, మీ పిల్లి ముద్ద మా బాధ్యత" అన్నారు. రోజూ పొద్దున్నే చర్మం, ఎముకలు తీసేసిన కోడిమాంసం ఉప్పు, కారం, నూనె ఏమీ లేకుండా మెత్తగా ఉడికించి, పీచుల్లా విడదీసి డబ్బాలో ఇచ్చేవారు. ముఖ్యంగా ఉల్లిపాయ, వెల్లుల్లి తగలనివ్వకూడదు. అవి పిల్లి రక్తానికి చేటు. మనం తినే కూరముక్క కడిగి పెట్టినా అందులో ఉల్లిరసం ఉంటుంది సుమా. ఎముకలు గొంతుకో పేగుకో గుచ్చుకుంటాయి.

ఎలా పెట్టాలో విన్నారా! పొట్ట చెడింది కదా, లంఖణం పరమౌషధం అని మనం కడుపు మాడుస్తాం. పిల్లిపిల్లకి అది పనికిరాదు. ఒంట్లో నిల్వలు లేక పడిపోతుంది. పెద్దపిల్లి కూడా రెండు మూడు రోజులు తిండి మానితే, ముఖ్యంగా లావుపాటిదైతే, కాలేయానికి కొవ్వుపట్టి ప్రాణంమీదికొస్తుంది. అలాగని ఒక్కసారే కడుపునిండా పెట్టకూడదు. పెద్ద చెంచాడు మాంసం, చిటికెడు మెత్తటి అన్నం, ఉడికిన నీళ్ళు కాసిని కలిపి రోజుకి ఆరుసార్లు పెట్టాం. మంచినీళ్ళ గిన్నె ఎప్పుడూ పక్కనుండాలి, రోజుకి రెండుసార్లు మార్చాలి. తాగడం లేదని నోరు తెరిచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే తిండిలోనే నీరు కలపడం. ఈ ఉడికించిన మాంసం కూడా పథ్యమే గాని పూర్తి ఆహారం కాదు. అందులో సున్నం లేదు. వారం పదిరోజులు పెట్టి, పొట్ట కుదుటపడ్డాక పిల్లిపిల్లలకి సరిపడే మేతకి మార్చాలి.

మా అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టింది. ఎన్నిసార్లు వెళ్ళింది, ఎలా వెళ్ళింది, ఏం తిన్నది, వాంతయిందా, బరువెంత, అన్నీ రాసేది. వంటింటి కాటాలో గిన్నెపెట్టి తూచేది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, మలం ఫోటో తీసి డాక్టరమ్మకి చూపించేది. నవ్వకండి, డాక్టర్లకి మన మాటలకంటే అదే ఎక్కువ పనికొస్తుంది! మొదటిరోజు ఎనిమిదిసార్లు. మందువేసిన మర్నాడు మలంలో తెల్లటి సేమియా పోగుల్లా పురుగులు పడ్డాయి. చూసి మా అత్తగారు "రామరామ! ఇన్ని పెట్టుకుని ఎలా బతికిందే ఇది" అన్నారు. ఆ పిల్లని చూసి ఆవిడ మొదటిసారి జాలిపడ్డది అప్పుడే. నాలుగోరోజుకి మూడుసార్లు. ఆరోరోజుకి మలం గట్టిపడింది. బరువు 780.

ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. బీబీగారిని ఎన్నాళ్ళు శ్రమపెడతాం అని, పిల్లుల మేత పాకెట్టు కొనుక్కొచ్చి, ఆరోజునుంచే పూర్తిగా అదే పెట్టేశాను. రాత్రికి మళ్ళీ విరేచనాలు! ఒక పూటలో మూడురోజుల కష్టం నీళ్ళపాలైంది. పేగులు ఏ తిండికి అలవాటుపడితే దానికే సిద్ధంగా ఉంటాయట. కొత్తదానికి మెల్లిగా మరపాలి. మళ్ళీ పథ్యం మొదలుపెట్టి, కుదుటపడ్డాక ఈసారి మొదటి రెండురోజులు ముప్పాతిక పాతదీ పాతిక కొత్తదీ, తరవాత సగం సగం, తరవాత పాతిక పాతదీ ముప్పాతిక కొత్తదీ, ఇలా తొమ్మిదిరోజులు పట్టించాం. ఇక ఇబ్బంది రాలేదు. ఆ మేతలోనూ మాంసమే ఉంటుంది, కాని ఎండు గింజల్లా ఉంటుంది గనక మా అత్తగారు కిమ్మనకుండా ఊరుకున్నారు. వసారాలో మూతడబ్బాలో పెట్టుకున్నాం.

శుభ్రం సంగతి కూడా చెప్పాలి. పాత ప్లాస్టిక్ తొట్టిలో జల్లించిన ఇసుక పోసి మూల పెట్టాం. పిల్లికి మలం కప్పిపెట్టే అలవాటు పుట్టుకతోనే ఉంటుంది. రెండుసార్లు తొట్టిలో దించితే మూడోసారి తనే వెళ్ళింది. పొద్దునా సాయంత్రం చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని నేనే ఎత్తి పారేసేదాన్ని. మెతుకు మెతుకుగా బియ్యపుగింజల్లాంటివి తోక కింద కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. అవి పిల్లి బొచ్చులో గెంతే చిన్న నల్లపురుగుల్ని మింగడంవల్ల వస్తాయి. వాటికి మందు వేరే ఉంది. ఆ బొచ్చులో పురుగుల్నీ వదిలించాలి, లేకపోతే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మందు పట్టేటప్పుడు ఒకరోజు చినుకు నా చేతిని గీరింది, రక్తం చిమ్మింది. చిన్న గీరుడే కదా అని పసుపు అద్దుకుని ఊరుకోబోయాను. అలా ఊరుకోకూడదు. వీధిపిల్లి కరిచినా గీరినా, సబ్బు, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి పిచ్చికుక్క కాటుకి వేసే టీకా సంగతి అడగాలి. రేబిస్ పిల్లులకీ వస్తుంది, వచ్చాక మందు లేదు. నేను వెళ్ళి వేయించుకున్నాను.

ఇంటి వైద్యానికి హద్దెక్కడో కూడా చెప్పాలి కదా. విరేచనంలో రక్తం పడినా, తారులా నల్లగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, పిల్ల ఒకపూటంతా ఏమీ ముట్టకపోయినా, చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, పిలిస్తే తలెత్తకపోయినా ఇంక ఇంట్లో ఏ ప్రయోగాలూ చెయ్యకండి. ఆలోచిస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది, ప్రాణమూ పోతుంది. పిల్లులకి పాన్‌లూకోపీనియా అనే వైరస్ జబ్బొకటుంది. విరేచనాలు, వాంతులతో మొదలై గంటల్లో కుంగదీస్తుంది. పురుగులవల్ల వచ్చినదో, ఆ వైరస్‌దో ఇంట్లో మనకి తెలియదు. ఇంట్లో ఇదివరకే పిల్లి ఉంటే కొత్తగా వచ్చినదాన్ని కనీసం రెండు వారాలు వేరేగదిలో, వేరే గిన్నెలతో, వేరే ఇసుకతో ఉంచాలి. ఆ వైరస్‌కి టీకా ఉంది. పిల్ల కోలుకున్నాక డాక్టరు చెప్పిన లెక్కన ఆ టీకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. ఊళ్ళో పశువైద్యశాలలో గేదెలనే చూస్తారని అనుకుని వెనక్కి తగ్గకండి, వెళ్ళి అడగండి. తిరుపతి, గన్నవరం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి. అక్కడ చదివిన పిల్లలు పిల్లులకీ కుక్కలకీ వైద్యం నేర్చుకునే వస్తున్నారు.

గడువు నెలా తిరిగింది. పెద్దమ్మాయి వచ్చేనాటికి చినుకు బరువు కిలోన్నర. బొచ్చు నిగనిగలాడుతూ, పొట్ట లోపలికి పోయి, వసారాలో బంతిలా గెంతుతోంది. రెండోవిడత పురుగుల మందు అయింది, మలం మళ్ళీ పరీక్ష చేస్తే గుడ్లు లేవు. పెద్దమ్మాయి రాగానే "అమ్మా, పిల్లిని ఉంచారా, పంపేశారా?" అంది. నేను అత్తగారికేసి చూశాను. ఆవిడ వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా, "నువ్వు వసారాలో ఇసుక తొట్టి జోలికి వెళ్ళకు. తిన్నా తినకపోయినా చేతులు కడుక్కో. అంతే" అన్నారు. తీర్పు వచ్చేసింది!

కార్తీకంలో పెద్దమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. పురిటిగదిలోకి మాత్రం చినుకుని రానివ్వలేదు, ఇప్పటికీ పసివాడి పక్కన ఒంటరిగా వదలం. ఆరోనెల దాటకముందే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. చేయించకపోతే ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టవచ్చు. ఒక పిల్లకే ఇంత యాతన పడ్డామే, అది వీధిలో పెట్టే పిల్లలన్నిటికీ ఎవరు పడతారు చెప్పండి?

ఇప్పుడు దాని బరువు మూడున్నర కిలోలు. పడక మా అత్తగారి మంచం కిందే. అయినా ఆవిడకి ఒక లోటు మిగిలిపోయింది. రోజూ సాయంత్రం పాలు కాగుతుంటే, "పిల్లికి పాలు పొయ్యని ఇల్లు లోకంలో మనదొక్కటేనే" అంటారు. "రెండోది కూడా ఉండేది అత్తయ్యా, మన రామలింగడిది" అంటాను.

ఈ వానాకాలంలో మీ గుమ్మంలోకీ ఏదో ఒక చినుకు వచ్చి అరవవచ్చు. ముందు పొడిగుడ్డతో తుడవండి, వెచ్చటి చోటు చూపించండి, మంచినీళ్ళు పెట్టండి. పాలగిన్నె మాత్రం పక్కన పెట్టి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి బయల్దేరండి. మందులడబ్బా తాళం తియ్యకండి.